చలికాలంలో పచ్చగా ఉండే ఫెర్న్‌లను గుర్తుపట్టడం: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీక వనభోజనాలకు వెళ్లినప్పుడో, సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో పుణ్యగిరి ఎక్కినప్పుడో రాతి సందులో పచ్చగా కనిపించిన "ఆ ఈకల్లాంటి మొక్క" ఏమిటని నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఫోన్‌లో ఫోటో తీసి పంపుతారు. ఆ ఫోటో దాదాపు ఎప్పుడూ పైనుంచే తీసి ఉంటుంది. జవాబేమో ఆకు కింద ఉంటుంది. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, తీరిగ్గా జవాబులు రాస్తున్నాను.

అసలు ఫెర్న్ అంటే ఏమిటి?

వేరు, కాండం, ఆకు అన్నీ ఉండి పువ్వు, కాయ, గింజ లేని మొక్క. గింజకు బదులు ఆకు అడుగున పొడిలాంటి సిద్ధబీజాలు పుడతాయి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు టెరిడోఫైటా అనే మాట గుర్తుండే ఉంటుంది, ఇవి ఆ వర్గంలోవే. కాండం చాలావాటిలో నేలలోనో రాతిని పట్టుకునో దాక్కుని ఉంటుంది కాబట్టి మన కంటికి కనబడేదంతా ఆకే. ఎంత పెద్ద ఈనెతో, ఎన్ని చిన్న ఆకులతో ఉన్నా అదంతా కలిపి ఒక్క ఆకు.

మొదటి గుర్తు లేత ఆకు. అది జిలేబీలా చుట్టుకుని పుట్టి మెల్లగా విప్పుకుంటుంది. ఆ చుట్ట కనబడిందంటే నూటికి తొంభై పాళ్లు మీరు చూస్తున్నది ఫెర్నే. మిగతా పది పాళ్ల గురించి కింద చెప్తాను.

మనకు మంచు పడదు కదా, మరి "చలికాలంలో పచ్చగా ఉండే" అనడంలో గొప్పేముంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. మన భాషలో తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనబడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. చలిదేశాల వాళ్లు రాసిన పేజీల్లో "మంచులోనూ పచ్చగా ఉండే ఫెర్న్" అని చదివి మనవాళ్లు డిసెంబరు పొగమంచును తలుచుకుంటారు. ఆ రెండూ ఒకటి కావు.

అక్కడ ఫెర్న్‌ను చంపేది గడ్డకట్టే చలి. మన మైదానంలో అలాంటి చలి రాదు, ఇక్కడ చంపేది నీటి ఎద్దడి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరు నవంబరుల్లో తుపాన్లు, అక్కడితో వానలు ఆగిపోతాయి. డిసెంబరు నుంచి నేల రోజురోజుకూ ఆరిపోతూ ఉంటుంది. కాబట్టి మన దగ్గర చలికాలంలో పచ్చగా ఉన్న ప్రతి ఫెర్నూ ఒక సంగతి చెప్తోంది: "నాకు ఎక్కడినుంచో నీళ్లు అందుతున్నాయి" అనో, "నీళ్లు లేకుండా ఉండే ఉపాయం నాకు తెలుసు" అనో. ఆ రెంటిలో ఏదో తేల్చుకుంటే పేరు సగం దొరికినట్టే. పచ్చదనం మొక్క జాతి మీద ఎంత ఆధారపడుతుందో అది నిలబడ్డ చోటు మీదా అంతే ఆధారపడుతుంది. ఒకే జాతి మెట్ట గట్టు మీద పుష్యమాసానికే ఎండిపోతుంది, ఊట పక్కన ఏడాదంతా పచ్చగా ఉంటుంది.

ఇంటర్నెట్‌లో చెప్పే క్రిస్మస్ ఫెర్న్ మన కొండల్లో దొరుకుతుందా?

దొరకదు. అది తూర్పు ఉత్తర అమెరికా అడవుల మొక్క, పోలిస్టికం ఆక్రోస్టికాయిడెస్. చలి ముదిరాక దాని ఆకులు కాడ మొదట్లో వాలి నేలకు అతుక్కుపోతాయి, వసంతంలో కొత్త ఆకులు వచ్చేదాకా అలాగే పచ్చగా ఉంటాయి. అక్కడి పుస్తకాల్లో గుర్తుపట్టే పద్ధతులు ఆ మొక్కల కోసం రాసినవి. వాటిని పట్టుకుని మన గెడ్డల పక్కన వెతికితే తికమక తప్పదు. అయితే ఒక్క అలవాటు మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. చుట్టూ గడ్డీ గాదం ఎండిపోయినప్పుడు పచ్చగా మిగిలినవి తేలిగ్గా కంటబడతాయి కాబట్టి వాళ్లు ఫెర్న్‌లు వెతకడానికి చలికాలాన్నే ఎంచుకుంటారు. ఆ మాట మనకూ వర్తిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ చూడాలి?

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి సమయం. కార్తీకంలో అన్నీ ఉంటాయి, అడుగున సిద్ధబీజాలూ పండి ఉంటాయి. సంక్రాంతికి వడపోత అయిపోయి గట్టివే మిగులుతాయి. వీలైతే ఒకే చోటికి ఈ రెండుసార్లూ వెళ్లండి. శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందంటారు కదా, మెట్టన ఉన్న ఫెర్న్‌లు అంతకు ముందే సెలవు తీసుకుంటాయి.

విజయనగరం వైపు ఎస్.కోట దగ్గరి పుణ్యగిరి, తాటిపూడి జలాశయం చుట్టుపక్కల కొండవాలులు బాగుంటాయి. కొత్తవలస–కిరండూల్ రైలు ఎక్కేవాళ్లు బొడ్డవర దాటాక కిటికీ పక్కన కూర్చోండి. శివలింగపురం, త్యాడ దాకా రాతి కోతల్లో నీరు ఊరే చోటల్లా ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. శ్రీకాకుళం వాళ్లకు మందస వైపు కొండ అంచులు ఉన్నాయి. 1501 మీటర్ల మహేంద్రగిరి ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నా మనవాళ్లకు దగ్గరే.

కొండ ఎక్కలేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. పాత నుయ్యి, కల్వర్టు కింది గోడ, కారుతున్న కుళాయి, ఏసీ నీళ్లు పడే మూల చూడండి. నేను మొదట నేర్చుకున్న రెండు ఫెర్న్‌లూ మా వీధి నూతి గోడ మీదివే.

మొక్క ముందు నిలబడ్డాక ఏ వరసలో చూడాలి?

ముందు చోటు చూడండి: రాయా, గోడా, చెట్టు మానా, గెడ్డ ఒడ్డా, నీళ్లలోనా. తర్వాత కాడ: నల్లగా మెరుస్తోందా, ఆకుపచ్చా, నూగు ఉందా, పొలుసులున్నాయా. ఆ తర్వాత ఆకు తిప్పి అడుగు చూడండి. చివరగా మొదలు దగ్గర వంగి కాండం నేల మీద పాకుతోందా, ఒకే చోట గుత్తిగా ఉందా చూడండి. మొక్కను పీకక్కర్లేదు, ఆకును రెండు వేళ్లతో మెల్లగా తిప్పితే చాలు. పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి జేబులో ఉంటే ఇంక ఏమీ అక్కర్లేదు.

రాతి సందుల్లోకి చెయ్యి పెట్టకండి. జలపాతం పక్క రాళ్లు నాచు పట్టి జారుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

ఆకు అడుగున గోధుమరంగు చుక్కలున్నాయి. పురుగు పట్టిందా?

లేదు, అదే మీరు వెతుకుతున్న గుర్తు. కుండీలో ఫెర్న్ పెంచేవాళ్లు ఈ చుక్కలు చూసి టెన్షన్ పడి మందు కొట్టేస్తుంటారు. పురుగైతే చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, గోటితో గీరితే జిగటగా ఊడతాయి. ఫెర్న్ చుక్కలు వరసలో ఉంటాయి, ప్రతి చిన్న ఆకు మీదా అదే వరస. వీటిని సోరస్‌లు అంటారు. ఒక్కో చుక్కలో చిన్న చిన్న సంచులు గుంపుగా ఉంటాయి, ఆ సంచుల్లో సిద్ధబీజాలు.

భూతద్దంలో ఒక్కసారి చూడండి. ఒక్కో సంచి గసగసాల గింజ కంటే చిన్నది, దాని వీపు మీద గొంగళిపురుగు వెన్నులా ఒక కట్టు ఉంటుంది. ఎండలో ఆ కట్టులోని కణాలు నీరు కోల్పోతూ వెనక్కి వంగుతాయి, సంచి చిరిగి తెరుచుకుంటుంది. ఒక హద్దు దాటగానే కట్టు టక్కున మళ్లీ ముందుకు కొట్టుకుని లోపలి పొడిని విసిరేస్తుంది. పొద్దున్నే నీడలో ఉన్న ఆకును ఎండలోకి తిప్పి పట్టుకుంటే ఆ కదలిక కళ్లారా కనిపిస్తుంది. చుక్క మొత్తం ఉడుకుతున్నట్టు కదులుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు చెయ్యి వణికి ఆకు వదిలేశాను.

ఇంట్లో పిల్లలకు చూపించాలంటే, పండిన చుక్కలున్న ఒక చిన్న ఆకును తెల్లకాగితం మీద చుక్కలు కిందికి వచ్చేలా పెట్టి, గాలి తగలకుండా పైన పుస్తకం పెట్టండి. తెల్లారి ఆకు తీస్తే కాగితం మీద గోధుమరంగు పొడితో ఆకు బొమ్మ అచ్చుపడి ఉంటుంది.

చుక్కలు ఎక్కడ ఎలా ఉన్నాయన్నది పేరుకు తాళంచెవి. అంచు వెంట గీతలా ఉన్నాయా, మధ్య ఈనెకు రెండు పక్కలా గుండ్రంగా ఉన్నాయా, ఈనెల వెంట వలలా పరుచుకున్నాయా, ఈ మూడు తేడాలు పట్టుకోండి. కింద చెప్పే మొక్కలు చాలావరకు దీనితోనే విడిపోతాయి.

నూతి గోడ మీద పెరిగేది ఏది?

సాధారణంగా రెంటిలో ఒకటి. రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు.

ఒకటి టెరిస్ విట్టాటా. పాత సున్నపు గార, ఇటుక సందులు దీనికి ప్రాణం. పొడుగాటి ఈనెకు రెండు పక్కలా కత్తుల్లాంటి సన్నని ఆకులు, చిట్టచివర ఒంటరిగా ఒక పొడవాటి ఆకు. కాడ మొదటికి వచ్చేకొద్దీ పక్క ఆకులు చిన్నవవుతూ పోతాయి. తిప్పి చూస్తే సిద్ధబీజాలు చీరకు జరీ అంచు వేసినట్టు రెండు అంచుల వెంటా సన్నని గీతలుగా ఉంటాయి. మధ్యలో ఒక్క చుక్క ఉండదు. ఆ జరీ కనిపిస్తే ఇంక అనుమానం వద్దు. గోడలో చెమ్మ ఉన్నంతకాలం మాఘమాసంలోనూ ఇది పచ్చగానే ఉంటుంది.

ఈ మొక్క గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇది నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో పోగేసుకుంటుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. విషం చేరిన నేలను శుభ్రం చేయడానికి దీన్ని వాడే ప్రయత్నాలు అప్పటినుంచి జరుగుతున్నాయి. కాబట్టి గోడ దులిపినప్పుడు వచ్చిన ఈ ఆకును పశువులకు వెయ్యకండి.

రెండోది నెఫ్రోలెపిస్, నర్సరీల్లో బోస్టన్ ఫెర్న్ పేరుతో అమ్మే మొక్కకు చుట్టం. ఆకులు పొట్టిగా, దగ్గర దగ్గరగా, నిచ్చెన మెట్లలా ఉంటాయి. ప్రతి చిన్న ఆకు మొదట్లో ఒక పక్క చెవి తమ్మెలాంటి బుడిపె ఉండి ఈనె మీదికి వాలి ఉంటుంది. చుక్కలు అంచుకు దగ్గర్లో విడివిడిగా ఉంటాయి, ఒక్కోదాని మీద మూత్రపిండం ఆకారంలో చిన్న మూత. నీళ్లు తగ్గితే చిన్న ఆకులు ఒక్కొక్కటే రాలిపోయి ఉత్త పుల్ల నిలబడుతుంది. టెరిస్ అలా రాల్చదు, ఆకంతా కలిసి ఎండుతుంది. నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా అనే రకానికి నేలలో పాకే సన్నని తీగల మీద గోళీకాయల్లాంటి దుంపలుంటాయి. వాటిలో ఉండేది నీరే. పైన పుల్లలే మిగిలాయని పీకి పారేయకండి, వానకు మళ్లీ చిగురిస్తుంది.

సన్నని నల్ల కాడ, లేత ఆకులు. ఇదేనా అందరూ చెప్పే మెయిడెన్‌హెయిర్?

కాడ తలవెంట్రుకలా నల్లగా మెరుస్తుంటే అవును, అడియాంటం. ఆకు మీద నీళ్లు చిలకరించండి, తామరాకు మీదలా జారిపోతాయి. దాని పేరుకు గ్రీకులో తడవనిది అనే అర్థం. అడుగున అంచు చిన్నగా మడిచి కుట్టినట్టు ఉంటుంది, ఆ మడతలోనే సిద్ధబీజాలు.

మన వైపు రోడ్డు పక్క గట్ల మీద కనిపించేది ఎక్కువగా అడియాంటం ఫిలిప్పెన్సే. అర్ధచంద్రాకారపు చిన్న ఆకులు ఒకే ఈనెకు వరసగా ఉంటాయి, ఈనె కొస సాగి నేలను తాకి అక్కడ కొత్త మొక్క వేస్తుంది. ఇది వానాకాలం మొక్క. డిసెంబరు దాటితే నల్లపుల్లలే మిగులుతాయి. జనవరిలో పచ్చటి అడియాంటం కనిపించిందంటే ఈనె రెండు మూడు కొమ్మలుగా చీలిందా, ఆకులు విసనకర్రలా మొదట సన్నగా చివర వెడల్పుగా ఉన్నాయా చూడండి. అలా ఉంటే అది అడియాంటం కాపిల్లస్-వెనెరిస్. దాని వెనక ఎక్కడో ఊట ఉండి తీరుతుంది.

మామిడిచెట్టు కొమ్మ మీద ఎండుటాకుల బుట్టలా ఉంది. చచ్చిపోయిన మొక్కా?

చావలేదు. నేనూ ఇలాగే పొరబడ్డాను. మా తాతగారి ఊళ్లో పెద్ద మామిడి మాను మీద చిన్నప్పుడు ఇలాంటిదే ఒకటి ఉండేది. చెత్త పేరుకుందని, కర్రతో ఆ ఎండుటాకులన్నీ రాల్చేశాను. లోపల బొటనవేలంత లావు కాండం, మీద కుందేలు బొచ్చులాంటి గోధుమరంగు పొలుసులు. మరుసటి వానాకాలం ఆ కొమ్మ మీద మొలిచినవి రెండే రెండు ఆకులు. కారణం చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

దాని పేరు డ్రైనేరియా క్వెర్సిఫోలియా. దీనికి రెండు రకాల ఆకులు. పొడుగు కాడతో, లోతుగా చీలిన పెద్ద ఆకుపచ్చ ఆకులు ఆహారం తయారుచేస్తాయి, సిద్ధబీజాలు మోస్తాయి. పొట్టిగా, కాడ లేకుండా మానుకు అతుక్కునే ఆకులు త్వరగా గోధుమరంగుకు తిరిగి కాగితంలా గట్టిపడి అలాగే ఉండిపోతాయి. రాలే ఆకులు, దుమ్ము, పక్షుల రెట్ట వాటి వెనక చేరి ఎరువవుతుంది, నీరు నిలుస్తుంది. నేల తగలని మొక్క తన నేలను తానే పోగేసుకుంటుందన్నమాట. నేను రాల్చింది దాని పొలాన్ని.

ఎండాకాలం దగ్గరపడేకొద్దీ దీని పచ్చ ఆకులు రాలిపోయి గోధుమరంగు బుట్ట మాత్రం మిగులుతుంది. అంటే దీన్ని గుర్తుపట్టడానికి ఎండిన ఆకే ఆధారం. దయచేసి రాల్చకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎన్ని పడిపోయాయో మనకు తెలుసు. మాను పడితే దాని మీద కాపురమున్నవీ పోతాయి. మిగిలిన పాత మానుల మీదివైనా ఉండనిద్దాం.

బండ మీద బొమ్మ తాటాకుల్లాంటివి ఉన్నాయి. అవి ఫెర్న్‌లేనా?

ఫెర్న్‌లే. ఆక్టినియాప్టెరిస్ రేడియేటా, ఆయుర్వేదంలో మయూరశిఖ అంటారు. నెమలి తురాయిలా ఉంటుందని ఆ పేరు. నాకు మాత్రం తాటాకే గుర్తొస్తుంది. జానెడు కూడా ఎత్తుండదు, అచ్చం తాటి మట్టను బొమ్మలకొలువు కోసం చిన్నది చేసినట్టు ఉంటుంది. ఎండ తగిలే బండ సందుల్లో, పాత గోడల్లో పెరుగుతుంది.

నీళ్లు లేకుండా బతకడం తెలిసిన జాతి ఇది. తేమ పోగానే ఆకు గుప్పిట ముడిచినట్టు ముడుచుకుని మట్టిరంగులోకి మారుతుంది, మీరు పక్కనుంచి నడిచి వెళ్లినా కనబడదు. వాన పడితే మళ్లీ విచ్చుకుని పచ్చబడుతుంది. కాబట్టి జనవరిలో "ఇక్కడ ఏమీ లేదు" అనే ముందు బండ సందులో ముడుచుకున్న పిడికిళ్లు వెతకండి. సీసాలో నీళ్లు ఉంటే కాస్త పోసి, తిరుగుదారిలో మళ్లీ చూడండి.

ఇదే విద్య తెలిసిన మరో రెండు. హెమియోనైటిస్ ఆరిఫోలియా ఆకు చీలదు, లేత తమలపాకులా ఉంటుంది, నల్లకాడ, అడుగున ఈనెల వెంట వలలా సిద్ధబీజాలు. వెండి ఫెర్న్ కొండల్లో ఉంటుంది, ఆకు అడుగున తెల్లటి పొడి. చెయ్యి మీద అదిమితే ముగ్గు వేసినట్టు తెల్లటి అచ్చు పడుతుంది.

తిరనాళ్లలో అమ్మే సంజీవని ఫెర్నేనా?

ఎండి ముద్దగా ఉండి నీళ్లలో వేస్తే విచ్చుకునే ఆ మొక్క చాలావరకు సెలాజినెల్లా బ్రయాప్టెరిస్. ఫెర్న్‌లకు దూరపు బంధువు, అసలు ఫెర్న్ కాదు. చేతివేళ్లలా విప్పుకునే కొమ్మలకు ఆకులు పొలుసులంత చిన్నవి, అడుగున సోరస్‌లు ఉండవు. అదే తేడా.

అమ్మేవాడు నీళ్ల గిన్నెలో వేసి విప్పి చూపించేసరికి ప్రాణం లేచొచ్చిందని నమ్ముతాం. విచ్చుకోవడం వేరు, బతకడం వేరు. చచ్చిన కొమ్మ కూడా నీరు పీల్చి కొంత విచ్చుకుంటుంది. పచ్చరంగు తిరిగి వచ్చిందా లేదా అన్నదే లెక్క. పైగా అవన్నీ కొండ బండల మీదినుంచి పీకినవి. కొనకపోవడమే మేలు.

గెడ్డ ఒడ్డున గుబురుగా, మోకాలెత్తు ఉండేది?

చాలాసార్లు అది క్రిస్టెల్లా. ఊరి మురుగుకాలువ పక్కన, అరటితోటలో నీళ్లు పారే చోట కూడా ఇదే. చిన్న ఆకుల అంచులు రంపంలా కాక గుండ్రటి తమ్మెలుగా ఉంటాయి, తడిమితే మెత్తటి నూగు తగులుతుంది. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. పక్కపక్క తమ్మెల్లోని కింది ఈనెలు కలిసి, రెండు తమ్మెల మధ్య సందులోకి ఒకే గీతగా వెళ్తాయి. ఈ ఒక్క గుర్తుతో దీన్ని మిగతావాటినుంచి విడదీయవచ్చు. నీరు ఉంటే ఏడాదంతా పచ్చనే.

కంచె మీద తీగలా అల్లుకున్న ఫెర్న్ చూశాను. నిజమేనా?

నిజమే, లైగోడియం. ఆ తీగంతా ఒక్క ఆకే! దాని ఈనే చుట్టుకుంటూ మీటర్ల కొద్దీ పెరుగుతుంది. చిన్న ఆకుల అంచున దువ్వెన పళ్లలాంటివి ఉంటే అవి సిద్ధబీజాల గుత్తులు. చలికాలం చివరికి మెట్టన ఉన్నది ఎండిపోతుంది.

చెరువుల్లో, పొలాల్లో ఉండేవి ఏవైనా ఉన్నాయా?

మార్సీలియా, అజొల్లా. మార్సీలియాకు కాడ చివర నాలుగు ఆకులు గొడుగులా ఉంటాయి, రాత్రి ముడుచుకుంటాయి. పులిచింతతో పొరబడతారు గానీ పులిచింతకు మూడే ఆకులు, పసుపు పువ్వు. చెరువు ఎండితే మార్సీలియా ఆకులు పోతాయి, కాడ మొదట్లో చిక్కుడు గింజలాంటి గట్టి సిద్ధబీజాల పెట్టెలు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండి నీళ్లకు మళ్లీ మొలుస్తాయి.

అజొల్లా రైతులందరికీ తెలుసు, పశువుల మేతకు పెంచేదే. అది ఫెర్న్ అంటే మాత్రం ఆశ్చర్యపోతారు. దాని ఆకుల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చలిరోజుల్లో ఎండ తగిలి ఎర్రబడితే కంగారు పడకండి, చచ్చిందని కాదు.

ఫెర్న్‌లా ఉండి ఫెర్న్ కానివి ఏవి?

ఆస్పరాగస్ ఫెర్న్ పేరుతో అమ్మే పూలగుత్తుల మొక్క ఫెర్న్ కాదు, పిల్లిపీచర చుట్టం. పువ్వు, పండు రెండూ వస్తాయి. సైకాస్ కూడా కాదు. పైన పది పాళ్ల సంగతి చెప్తానన్నాను కదా, అది ఇదే: సైకాస్ లేత ఆకులూ చుట్టుకునే పుడతాయి. అయితే దానికి లావాటి మొద్దు ఉంటుంది, గింజలు కాస్తాయి.

పిల్లలు ఎక్కువగా మోసపోయేది నేల ఉసిరి దగ్గర. రెండు పక్కలా చిన్న ఆకులు, తిప్పితే అడుగున వరసగా గుండ్రటివి! ఇంతవరకూ నేను చెప్పిన పాఠమంతా సరిపోయినట్టే ఉంటుంది. గోటితో ఒకటి తీసి చిదమండి. లోపల గింజలుంటాయి. అవి కాయలు, కాడతో పుల్లకు వేలాడుతుంటాయి. ఫెర్న్ చుక్క ఆకు చర్మానికే అతుక్కుని ఉంటుంది, చిదిమితే పొడే.

తినొచ్చా? మందుకు పనికొస్తాయా?

తరతరాలుగా ఏరుకుని ఏది తినదగిందో తెలిసినవాళ్ల సంగతి వేరు. ఈ పేజీ చదివి, ఫోటో చూసి గుర్తుపట్టి వండుకోవద్దు. ప్రపంచమంతటా పెరిగే బ్రాకెన్ ఫెర్న్‌లో టాక్విలోసైడ్ అనే క్యాన్సర్ కారక పదార్థం ఉంది. టెరిస్ విట్టాటా సంగతి పైన చెప్పాను. మందుల విషయం వైద్యులను అడగాలి, నన్ను కాదు.

కొండ మీదినుంచి ఒక మొక్క తెచ్చి ఇంట్లో పెంచుకోవచ్చా?

వద్దు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం రిజర్వు అడవిలోంచి మొక్కలు తీసుకురావడం నేరం. అదొక్కటే కాదు, రాతి సందులోంచి పీకిన ఫెర్న్ కుండీలో దాదాపు బతకదు. నర్సరీ నెఫ్రోలెపిస్‌తో మొదలుపెట్టండి. నేరుగా ఎండ తగలని వరండా, మట్టిలో సగం కొబ్బరి పీచు పొట్టు. చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పొద్దున్న పూట నీళ్లు మానకండి, కుండీలో మాత్రం నీరు నిలవకూడదు.

ఫోన్ యాప్ చెప్పే పేరు నమ్మొచ్చా?

పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో అయితే నమ్మలేం. నాలుగు తీయండి: మొక్క ఉన్న చోటు, ఆకు పైభాగం, అడుగు, కాడ మొదలు. అడుగు ఫోటోలో వేలో రూపాయి బిళ్లో పక్కన పెడితే కొలత తెలుస్తుంది. తేదీ, ఊరు, చుట్టూ తడి ఉందా లేదా అన్నది రాసుకోండి. అప్పుడు యాప్ చెప్పిన పేరును మీరే సరిచూసుకోగలరు. నాకు పంపేవాళ్లు కూడా దయచేసి ఆ నాలుగూ పంపండి. అడుగు ఫోటో ఒక్కటే పంపినా సరే.